ప్రేమ మరణమంత బలవంతమైనది: పరమగీతము 8:6–7 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్లోని పరమగీతము అనే గ్రంథంలో, హెబ్రీలో 40 మాటలు కూడా లేని రెండు వచనాలివి. పెళ్ళి పత్రికల మీద, సందేశాల్లో, యువజన కూటాల్లో తరచూ వినబడతాయి. విన్న ప్రతిసారీ అవే సందేహాలు వస్తుంటాయి: ఎవరు ఎవరితో అంటున్నారు, ఈర్ష్య మంచిదెలా అవుతుంది, చివర్లో త్రోసివేయబడేది ఎవరు? ఆ సందేహాలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచే చదువుకోవచ్చు.

## చదవడం మొదలుపెట్టే ముందు

అసలు ఆ వచనం పూర్తిగా ఏమిటి? మాకు సగమే గుర్తుంది.

సంఘాల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు అనువాదంలో ఇలా ఉంది: "ప్రేమ మరణమంత బలవంతమైనది, ఈర్ష్య పాతాళమంత కఠోరమైనది, దాని జ్వాలలు అగ్నిజ్వాలా సమములు, అది యెహోవా పుట్టించు జ్వాల. నీ హృదయముమీద నన్ను నామాక్షరముగా ఉంచుము, నీ భుజమునకు నామాక్షరముగా నన్నుంచుము. అగాధ సముద్రజలము ప్రేమను ఆర్పజాలదు, నదీ ప్రవాహములు దాని ముంచివేయజాలవు. ప్రేమకై యొకడు తన స్వాస్థ్యమంతయు నిచ్చినను తిరస్కారముతో అతడు త్రోసివేయబడును."

చాలామందికి మొదటి మాట ఒక్కటే నోటికి వస్తుంది. చివరి వాక్యాన్ని దాదాపు ఎవరూ గుర్తుపెట్టుకోరు. కానీ ప్రేమ బలం గురించి చెప్పిన మాటలన్నీ చేరేది ఆ చివరి వాక్యం దగ్గరికే: ఇంత బలమున్న దానికి ధర కట్టబోయినవాడికి మిగిలేది తిరస్కారమే.

పరమగీతము అనే పేరు ఎందుకు వచ్చింది?

హెబ్రీలో దీని పేరు "షీర్ హష్షిరీమ్", అంటే గీతాలలో గీతం. ఒకే మాటను ఇలా రెండుసార్లు చెబితే ఆ భాషలో "అన్నిటికన్నా గొప్పది" అని అర్థం. "రాజులకు రాజు", "అతి పరిశుద్ధ స్థలము" అనే మాటలు కూడా ఈ పద్ధతిలో పుట్టినవే. తెలుగులో "పరమ" అనే ఒక్క మాట ఆ పని చేస్తోంది. గ్రంథంలో 8 అధ్యాయాలు, 117 వచనాలు ఉన్నాయి. నింపాదిగా పైకి చదివినా అరగంట పట్టదు.

దీన్ని సొలొమోనే రాశాడా?

మొదటి వచనంలో ఉన్న "లిష్లొమో" అనే మాటను "సొలొమోను రాసినది", "సొలొమోనుకు చెందినది", "సొలొమోను గురించినది" అని మూడు విధాలా చదవవచ్చు. సంప్రదాయం మొదటి అర్థాన్ని తీసుకుంది. 4:13లో తోటకు వాడిన "పర్దేస్" పారసీకం నుంచి వచ్చిన మాట కాబట్టి, ఇప్పుడు మన చేతిలో ఉన్న రూపం సొలొమోను తర్వాతి కాలానిదని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ రెండు వచనాల అర్థం రచయిత ఎవరన్నదాని మీద ఆధారపడదు. అయితే 8:11–12లో సొలొమోను పేరుపెట్టి అతని సంపదను పక్కకు నెట్టిన మాటను మాత్రం గమనించాలి.

ప్రార్థన, ధర్మశాస్త్రం, దేవుని కార్యాలు ఏవీ లేని ప్రేమపాట బైబిల్లో ఎందుకుంది?

ఈ సందేహం కొత్తదేమీ కాదు. దీన్ని పరిశుద్ధ గ్రంథాల్లో లెక్కించాలా వద్దా అని యూదు రబ్బీల (మతబోధకుల) మధ్య వాదన జరిగినట్టు వారి ప్రాచీన బోధల సంకలనమైన మిష్నా చెబుతోంది. అక్కడ రబ్బీ అకీబా, ఇశ్రాయేలుకు పరమగీతము ఇయ్యబడిన దినానికి లోకమంతా సాటిరాదని, లేఖనాలన్నీ పరిశుద్ధమైతే ఇది అతి పరిశుద్ధమని అన్నాడు. యూదులు ఈ గ్రంథాన్ని పస్కా పండుగ రోజుల్లో చదువుతారు.

దేవుని ప్రేమను చూపే ఉపమానంగా చదివినందువల్లే దీనికి చోటు దొరికిందని కొందరంటారు. ఆ చదువు నిజంగానే చాలా పాతది. అయినా మా ఉద్దేశంలో స్త్రీపురుషుల ప్రేమ కూడా సృష్టికర్త చేతి పనే. దాని గురించి దేవుని గ్రంథంలో 8 అధ్యాయాలు ఉండటంలో తప్పేమీ లేదు.

ఈ మాటలు అబ్బాయి అంటున్నాడా, అమ్మాయి అంటోందా?

అమ్మాయి. తెలుగులో "నీ హృదయము" అంటే ఎదుటివాళ్ళు ఆడో మగో తెలియదు. హెబ్రీలో "నీ" అనే ప్రత్యయానికి లింగభేదం ఉంది. ఇక్కడ "లిబ్బెఖా", "జెరోఎఖా" అని పుంలింగంలో ఉంది కాబట్టి ఎదుట ఉన్నది పురుషుడు, మాట్లాడుతున్నది స్త్రీ. బైబిల్లో ప్రేమ గురించి ఇంత గట్టిగా నిర్వచనంలా చెప్పిన మాట ఒక స్త్రీ నోటి నుంచి రావడం చిన్న విషయం కాదు. సందేశంలో దీన్ని పెండ్లికుమారుడి మాటగా చెప్పేస్తే ఈ సంగతి మరుగున పడిపోతుంది.

## వచనం లోపలికి వెళ్ళినప్పుడు

"నామాక్షరముగా ఉంచుము" అంటే పచ్చబొట్టు పొడిపించుకోమనా?

కాదు. హెబ్రీ మాట "హోతామ్", అంటే ముద్ర. ఆ కాలంలో రాతిమీద పేరో గుర్తో చెక్కి, పత్రం చుట్టిన దారం మీద పెట్టిన తడిమట్టి ముద్దపై అదిమేవారు. ఇప్పటి సంతకం, సీలు చేసే పని అంతా అప్పట్లో దానిదే. మనిషి లేకపోయినా అతని ముద్ర ఉంటే అతని మాట ఉన్నట్టే. అందుకే దాన్ని ఒంటి మీదనుంచి తీసేవారు కాదు. దారానికి గుచ్చి మెడలో వేసుకునేవారు, లేదా ఉంగరంగా చేతికి పెట్టుకునేవారు. ఆదికాండము 38:18లో తామారు యూదా దగ్గర తాకట్టుగా అడిగింది ఆ ముద్రనూ దాని దారాన్నే. యిర్మీయా 22:24లో అది కుడిచేతి ఉంగరం.

మెడలో వేలాడే ముద్ర గుండె మీదికి వస్తుంది, చేతికి ఉండేది పని చేసే చోట ఉంటుంది. "నీ పేరును, పరపతిని, అధికారాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటావో నన్ను అలా ఉంచుకో. లోపలా ఉంచుకో, నలుగురిలోనూ ఉంచుకో" అని ఆమె అడుగుతోంది. తెలుగు అనువాదకులు "నామాక్షరము" అనడానికి కారణం ముద్ర మీద ఉండే పేరు. ఇప్పటివాళ్ళకు "ముద్ర" అని విడమరచి చెబితేనే బొమ్మ కళ్ళకు కడుతుంది.

ఇలాంటి ముద్రలు పడిన మట్టి బిళ్ళలు 1982లో యెరూషలేములోని దావీదు పట్టణం తవ్వకాల్లో ఒకేచోట 50కి పైగా దొరికాయి. క్రీ.పూ. 586లో బబులోనీయులు పెట్టిన మంటలో వాటితో ఉన్న పత్రాలన్నీ బూడిదైపోయాయి, మట్టి మాత్రం కాలి ఇటుకలా గట్టిపడి నిలిచింది.

మన మంగళసూత్రంతో పోల్చి చెప్పవచ్చా?

కొంతవరకే. దారానికి గుచ్చి గుండె మీద వేలాడేది, తీయకూడనిది అన్నంతవరకు పోలిక కుదురుతుంది. కానీ సూత్రాన్ని పురుషుడు కడితే స్త్రీ ధరిస్తుంది. ఇక్కడ తనను ధరించమని స్త్రీ పురుషుణ్ణి అడుగుతోంది. ఆ తేడా చెప్పకుండా పోలిక ఒక్కటే చెబితే వచనం తలకిందులవుతుంది. తేడాతో సహా చెబితే, కట్టుబడి ఉండాల్సిన బాధ్యత పెండ్లికుమారుడి మీద కూడా ఉందని పందిట్లో అందరికీ తెలుస్తుంది.

ఇంగ్లిషు బైబిల్లో ముద్ర మాట ముందుంది, తెలుగులో వెనకుంది. ఏది సరి?

హెబ్రీలో వరస ఇది: "నన్ను ముద్రగా ఉంచుము... ఎందుకంటే ప్రేమ మరణమంత బలవంతమైనది." తెలుగు అనువాదకులు కారణాన్ని ముందు పెట్టి విన్నపాన్ని తర్వాత పెట్టారు. తెలుగు వాక్యానికి అది సహజమైన నడకే, అర్థం కూడా మారదు. కాకపోతే "ఎందుకంటే" అన్న లంకె జారిపోవడంతో రెండూ వేర్వేరు మాటల్లా వినబడతాయి. వివరించేటప్పుడు ఆ లంకెను తిరిగి కలపండి.

ప్రేమ మరణమంత బలమైనదా, మరణం కన్నా బలమైనదా?

మరణమంత. హెబ్రీలో ఉన్న "క" అనే అక్షరం సమానాన్నే చెబుతుంది, ఎక్కువను చెప్పదు. తెలుగు అనువాదం దీన్ని సరిగ్గా పట్టుకుంది. పాటల్లో, ప్రసంగాల్లో "మరణం కన్నా బలమైన ప్రేమ" అని మార్చేసి దానికి ఈ వచనాన్ని ఆధారంగా చూపించడం పొరపాటు.

ఆమె చెబుతున్నది పట్టు గురించి. మరణం ఒకరిని అడిగాక వెనక్కి తగ్గదు, బేరానికి రాదు, రాజనీ పేద అనీ చూడదు. ప్రేమ పట్టు కూడా అలాంటిదేనని ఆమె అంటోంది. పాతనిబంధనలో మనిషికి తెలిసిన అతి పెద్ద బలం మరణమే కాబట్టి ప్రేమను దానితోనే తూచింది. మరణం ఓడిపోవడం గురించి చెప్పాలనుకుంటే రోమా 8:38–39, 1 కొరింథీయులకు 15వ అధ్యాయం ఉన్నాయి. అక్కడ ఆ మాట నేరుగానే ఉంది.

"పాతాళము" అంటే నరకమా? పురాణాల్లోని పాతాళలోకమా?

రెండూ కాదు. హెబ్రీలో "షెయోల్", అంటే చనిపోయినవారంతా చేరే చోటు. పాతనిబంధనలో అది ప్రధానంగా శిక్షాస్థలం కాదు, తిరిగిరాని చోటు. అధోలోకాల్లో ఒకటైన నాగుల పాతాళంతోనూ దానికి సంబంధం లేదు. సామెతలు 30:15–16లో చాలుననని వాటిలో మొదటిది ఈ పాతాళమే, చివరిది అగ్ని. ఇక్కడి వచనంలోనూ పాతాళం తర్వాత వచ్చేది అగ్నే.

"ఈర్ష్య పాతాళమంత కఠోరమైనది" అంటే భార్యను అనుమానించే భర్తను సమర్థించినట్టేనా?

కాదు, కానీ ఈ భయం న్యాయమైనదే. హెబ్రీలో "కిన్ఆ" అనే ఈ మాటకు రెండు వైపులా పదునుంది. సామెతలు 6:34లో అది భర్తకు కోపం పుట్టించే రోషం. సంఖ్యాకాండము 5లో అది భర్త అనుమానం. నిర్గమకాండము 20:5లో దేవుడు తన గురించి "రోషముగల దేవుడను" అన్నప్పటి మాట కూడా ఈ ధాతువు నుంచి పుట్టినదే. అక్కడ తెలుగులో "రోషము" అన్నారు, ఇక్కడ "ఈర్ష్య" అన్నారు. మన చెవికి ఈర్ష్య అంటే ఓర్వలేనితనం కాబట్టి ఇక్కడ మాట చేదుగా తగులుతుంది.

హెబ్రీ కవిత్వంలో రెండో పాదం మొదటి పాదానికి జంటగా నడుస్తుంది. ప్రేమకు జంటగా కిన్ఆ, మరణానికి జంటగా పాతాళం, బలానికి జంటగా కఠినత్వం వచ్చాయి. అందువల్ల ఇక్కడ కిన్ఆ అంటే ప్రేమకు ఉండే వదలని పట్టు, "నీవు నాకే" అనే పట్టుదల. పైగా ఈ మాట అంటున్నది స్త్రీ. తనను కాపలా కాయమని ఆమె అడగలేదు, తనను ముద్రగా ధరించమని అడిగింది. ఫోన్లు వెతకడం, పుట్టింటికి పంపకపోవడం వంటివాటికి ఈ వచనంలో చోటు లేదు. వివరించేటప్పుడు "రోషం" అనే మాట వాడితే సగం అపార్థం అక్కడే పోతుంది.

"యెహోవా పుట్టించు జ్వాల" అని అన్ని బైబిళ్ళలో లేదేం?

మూలంలో ఉన్నది "షల్హెవెత్యా" అనే ఒకే మాట. "షల్హెవెత్" అంటే జ్వాల. చివరి "యా" యెహోవా నామానికి పొట్టి రూపం, "హల్లెలూయా"లో చివర వినబడేది అదే. దీన్ని రెండు విధాలా అనువదిస్తారు. కొందరు "యెహోవా జ్వాల" అంటారు. కొందరు దాన్ని తీవ్రతను తెలిపే ప్రత్యయంగా తీసుకుని "మహాజ్వాల" అంటారు, యిర్మీయా 2:31లో గాఢాంధకారానికి వాడిన మాట చివర కూడా ఇలాంటి "యా" ఉందని చూపిస్తారు. ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో "దాని జ్వాలలు" అని మాత్రమే ఉంది.

తెలుగు అనువాదకులు మొదటి దారి పట్టారు, "పుట్టించు" అని ఒక మాట కలిపి అర్థాన్ని స్పష్టం చేశారు. ఆ మాట హెబ్రీలో లేదని తెలిసి చదవాలి. గ్రంథం మొత్తంలో దేవుని నామం వినబడే అవకాశం ఈ ఒక్కచోటే ఉంది. అది ప్రేమాగ్ని మాట దగ్గరే రావడం యాదృచ్ఛికం కాదని మేము నమ్ముతాం. అయితే "మహాజ్వాల" అని చదివేవారిని అవిశ్వాసులనడం సరికాదు, వ్యాకరణం రెండింటికీ వీలిస్తుంది.

ప్రేమను నీళ్ళు ఆర్పలేకపోవడమేమిటి? సముద్రం ఎందుకు వచ్చింది?

ముందు వచనం ప్రేమను నిప్పు అంది కాబట్టి దానికి శత్రువుగా నీరు వచ్చింది. హెబ్రీలో "మయిమ్ రబ్బీమ్", అంటే విస్తార జలాలు. కీర్తన 93:4 వంటిచోట్ల ఈ మాట సృష్టిని ముంచెత్తబోయే సముద్రపు పొంగుకు వాడారు. తెలుగులో "అగాధ సముద్రజలము" అన్నది అందుకే. రెండో బొమ్మ నదులది. ఆ దేశంలో వేసవిలో ఎండిపోయి ఉండే వాగులు చలికాలపు వానకు ఉన్నట్టుండి పొంగి, అడ్డొచ్చినదాన్నల్లా ఊడ్చుకుపోతాయి. "ముంచివేయు" అన్నచోట ఉన్న క్రియకు అసలు అర్థం ఆ ఊడ్చుకుపోవడమే.

యెషయా 43:2లో "నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు" అన్నచోట కూడా ఆ క్రియే ఉంది. తెలుగులో ఒకచోట "ముంచివేయజాలవు", ఇంకోచోట "పొర్లిపారవు" అని ఉండటంతో ఈ చుట్టరికం కనబడదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ప్రజలకు దేవుడిచ్చిన మాట, ప్రేమ గురించి ఈమె చెప్పిన మాట ఒకే పోలికలో పోతపోసినట్టు ఉంటాయి.

చివర్లో త్రోసివేయబడేది ఎవరు? ప్రేమ కోసం అన్నీ ఇచ్చినవాడినే ఎందుకు తిరస్కరించాలి?

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. "ప్రేమ కోసం సర్వస్వం త్యాగం చేసినవాడిని లోకం చిన్నచూపు చూస్తుంది" అని కొందరు అర్థం చేసుకుంటారు. వచనంలో ఉన్నది త్యాగం కాదు, కొనుగోలు. "తన ఇంటి ఆస్తి అంతా ఇస్తాను, దానికి బదులు ప్రేమ ఇవ్వండి" అని బేరమాడేవాడి సంగతి అది.

దీనికి మంచి తాళంచెవి సామెతలు 6:30–35లో ఉంది. ఆకలితో దొంగిలించినవాణ్ణి ఎవరూ తిరస్కరించరని, కానీ దొరికితే వాడు ఏడంతలు చెల్లించాలని, "తన యింటి ఆస్తి అంతయు" అప్పగించాలని అక్కడ ఉంది. హెబ్రీలో "కోల్ హోన్ బేతో" అనే ఆ పదబంధమే పరమగీతము 8:7లోనూ ఉంది. "తిరస్కరించు" అనే క్రియా ఒకటే. సామెతల్లో ఆ వెంటనే భర్త రోషం గురించి ఉంటుంది, అక్కడి మాటా "కిన్ఆ"యే. ఎన్ని బహుమానాలు ఇచ్చినా ఆ రోషం చల్లారదని కూడా ఉంది. ఇన్ని మాటలు రెండుచోట్లా కలవడం చూస్తే, రెంటి వెనకా ఒకే ఆలోచన ఉందని తెలుస్తుంది. దొంగతనానికి ఇంటి ఆస్తితో పరిహారం కట్టవచ్చు. ప్రేమకు ఆ ఆస్తి అంతా కలిపినా ధర కాదు. ఆకలిగొన్న దొంగకు దొరికే జాలి కూడా ప్రేమను కొనబోయినవాడికి దొరకదు.

తెలుగులో "అతడు త్రోసివేయబడును" అని ఉంది. హెబ్రీలో "లో" అనే మాటను "అతనిని" అనీ, "దానిని", అంటే ఆ ఆస్తిని, అనీ చదవవచ్చు. డబ్బును తిరస్కరించినా డబ్బు చూపినవాణ్ణి తిరస్కరించినా భావం ఒకటే. తిరస్కారాన్ని చెప్పే మాటను మూలంలో రెండుసార్లు పలికి వత్తి చెప్పారు. తెలుగులో "తిరస్కారముతో... త్రోసివేయబడును" అన్నది ఆ వత్తుకోసమే.

ఆ తర్వాత వచ్చే సొలొమోను ద్రాక్షావనానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. 8:11లో బయలు హామోనులోని సొలొమోను తోట గురించి ఉంటుంది. దాని ఫలాలకు ఒక్కొక్క కాపు వెయ్యి వెండి చొప్పున చెల్లించాలి. ఆ కాలపు వెండి తూకమైన షెకెలు ఇంచుమించు 11 గ్రాములు కాబట్టి ఇది సుమారు 11 కిలోల వెండి. 8:12లో జవాబు వస్తుంది: నా ద్రాక్షావనం నా వశంలో ఉంది, ఆ వెయ్యీ నీకే ఉండనీ సొలొమోనూ, కాపులకు రెండు వందలు. ధరకు లొంగని ప్రేమను గురించి చెప్పిన వెంటనే ధరలు పలికే తోట వచ్చింది, దాని యజమాని ఇశ్రాయేలులో అందరికన్నా ధనవంతుడు. సందేశం 8:7తో ఆగిపోతే ఇదంతా వదిలేసినట్టే. 14వ వచనం దాకా చదవండి.

## మిగతా లేఖనాలతో కలిపి చదివేటప్పుడు

ప్రేమకు ధర లేకపోతే యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు ఎందుకు పని చేశాడు? హోషేయ వెండి ఎందుకు ఇచ్చాడు?

ఆ కాలంలో పెళ్ళికుమారుడు అమ్మాయి తండ్రికి "మోహర్" ఇచ్చేవాడు. మన ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న ఓలి వంటిది అది. యాకోబు చేతిలో డబ్బు లేదు, అందుకే కష్టాన్ని కట్టాడు. ఆ చెల్లింపు పెళ్ళికి, ప్రేమకు కాదు. ఆదికాండము 29:20 చూడండి: రాహేలు మీద ప్రేమ అప్పటికే ఉంది, అందుకే ఏడేళ్ళు కొద్ది దినాల్లా గడిచాయి. అదే అధ్యాయంలో ఏడేళ్ళ కష్టానికి బదులు రాహేలు అక్క లేయా భార్యగా వచ్చింది, ఆమె మీద ప్రేమ మాత్రం రాలేదు. ధర కట్టి ఏది తెచ్చుకోవచ్చో, ఏది తెచ్చుకోలేమో ఆ ఇంట్లోనే కనబడుతుంది.

హోషేయ 3:2లో 15 తులాల వెండీ యవలూ ఇచ్చి విడిపించుకున్నది కూడా తన భార్య మనసును కాదు. ప్రేమించమని దేవుడు 3:1లో ముందే చెప్పాడు, వెండి ఆ తర్వాత వచ్చింది.

అగాపే దైవప్రేమ, ఎరోస్ శారీరక ప్రేమ అంటారు కదా. ఇక్కడ ఉన్నది ఏది?

పరమగీతము హెబ్రీలో ఉంది, ఇక్కడి మాట "అహవా". దేవుని ప్రేమకూ భార్యాభర్తల ప్రేమకూ స్నేహానికీ హెబ్రీ ఈ మాటను వాడుతుంది. దాన్ని గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింటు ఈ వచనంలో "అగాపే" అనే రాసింది. అంతేకాదు, 2 సమూయేలు 13:15లో అమ్నోనుకు తన చెల్లెలు తామారు (యూదా కథలోని తామారు కాదు) మీద ఉన్న దుర్మోహానికి కూడా అదే మాట వాడింది. కాబట్టి అగాపే అనే మాట కనబడగానే దైవప్రేమ అని తేల్చేయడం కుదరదు. ప్రేమ ఎలాంటిదో సందర్భం చెప్పాలి. గ్రీకు మాటలను బట్టి ప్రేమను నాలుగు రకాలుగా విడదీసే పట్టిక బోధనకు సుళువే కానీ ఈ వచనం దాన్ని ఒప్పుకోదు.

1 కొరింథీయులకు 13వ అధ్యాయంతో దీన్ని ఎలా కలపాలి?

13:3తో మొదలుపెట్టండి: "బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను... ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు." పరమగీతములో ఆస్తి ఇచ్చి ప్రేమను కొనలేకపోయాడు. ఇక్కడ ఆస్తి మంచి పనికే ఇచ్చినా, ప్రేమ లేని లోటును అది పూడ్చలేకపోయింది. తర్వాత 13:8: "ప్రేమ శాశ్వతకాలముండును." ఇది నీళ్ళు ఆర్పలేని నిప్పుకు జంట. తేడా కూడా చెప్పాలి: పౌలు రాసింది వరాల విషయంలో గొడవపడుతున్న సంఘానికి, దంపతులకు కాదు.

ఇది క్రీస్తుకూ సంఘానికీ చెందిన మాట కాదా?

అలా చదివినవారి వరస పెద్దదే. 3వ శతాబ్దంలో సంఘ బోధకుడు ఓరిజెను, 12వ శతాబ్దంలో క్లెర్వో మఠానికి చెందిన సన్యాసి బెర్నార్డు ఆ దారిలో నడిచారు. బెర్నార్డు 86 ప్రసంగాలు రాసి కూడా 3వ అధ్యాయం మొదట్లోనే ఆగి, 1153లో కన్నుమూశాడు. ఈ వచనాల దాకా రానేలేదు.

ముందు స్త్రీపురుషుల మాటగా చదివి, ఆ తర్వాత అక్కడికి వెళ్ళడం మంచిది. ఎఫెసీయులకు 5:25–32 కూడా భార్యాభర్తల నుంచే క్రీస్తు దగ్గరికి తీసుకెళుతుంది. ధర విషయానికి వస్తే సరైన వంతెన 1 పేతురు 1:18–19. విమోచన వెండి బంగారాలతో జరగలేదని అక్కడ ఉంది. డబ్బుతో దేవుని వరాన్ని కొనబోయి చీవాట్లు తిన్న సీమోను సంగతి (అపొస్తలుల కార్యములు 8:18–20) కూడా ఇక్కడ చక్కగా కుదురుతుంది. ముద్ర, భుజం, జ్వాల, నది ఒక్కోదానికీ ఒక్కో రహస్యార్థం వెతకడం మొదలుపెడితే మాత్రం దానికి అంతుండదు. వినేవాడికి వచనం కాక ప్రసంగీకుడి చమత్కారమే గుర్తుండిపోతుంది.

## వాడుకునేటప్పుడు

పెళ్ళిలో 15 నిమిషాల సందేశం ఇవ్వాలి. ఎలా విభజించాలి?

8:5 నుంచి 8:7 వరకు చదవడానికి ఒక నిమిషం. ముద్ర గురించి 4 నిమిషాలు, చేతిలో ఒక రబ్బరు స్టాంపు పట్టుకుని చూపిస్తే వెనక వరసవాళ్ళకూ అర్థమవుతుంది. మరణమంత బలం, రోషం గురించి 3 నిమిషాలు. నీళ్ళ గురించి 2. మిగిలిన 5 నిమిషాలు ధర గురించి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, మరణం మాట దగ్గరే 10 నిమిషాలు అయిపోయి, చివరి వాక్యాన్ని చదివి కూర్చోవడం. సమయం తక్కువ పడితే నీళ్ళను కుదించండి, ధరను కాదు.

కట్నం తీసుకున్న పెళ్ళిలో ఈ వచనం చదవవచ్చా?

చదవవచ్చు, చివరి వాక్యాన్ని మింగేయకుండా చదివితే. బైబిలు కాలపు మోహర్ వరుడి వైపు నుంచి వెళ్ళేది, మన కట్నం వధువు వైపు నుంచి వస్తుంది. దిశ వేరైనా, డబ్బు లెక్క తేలితేనే అమ్మాయికి ఇంట్లో ఆదరం దొరుకుతుందనే ఆలోచన మాత్రం ఈ వచనం తిరస్కరించే ఆలోచనే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరం. ఈ సంగతి పెళ్ళి రోజున మైకులో చెబితే ఇరువైపులవారికీ అవమానంగా ఉంటుంది, ప్రయోజనమూ తక్కువ. నిశ్చయానికి ముందు పాస్టరుగారు రెండు కుటుంబాలతో కూర్చున్నప్పుడే 8:7ను తెరిచి చదవాలి.

"నా ప్రేమ మరణమంత బలమైనది, నువ్వు ఒప్పుకోవాల్సిందే" అని ఒకబ్బాయి ఈ వచనం పంపాడు. ఏమని చెప్పాలి?

దానికి రెండు వచనాల ముందే 8:4 ఉంది: ప్రేమకు ఇష్టమయ్యేవరకు దాన్ని లేపవద్దు, కలతపెట్టవద్దు. 2:7లో, 3:5లో కూడా ఈ ఒట్టే ఉంది. పైగా 8:6లో "ఉంచుము" అన్నది విన్నపం, అదీ ఇరువైపులా ఇష్టం ఉన్న జంటలో ఒకరు అన్నది. కాదన్నవారి మీదికి విసరడానికి ఈ వచనంలో ఒక్క మాట కూడా లేదు. వెంటపడటం ఆగకపోతే ఇంట్లో పెద్దలకు, అవసరమైతే పోలీసులకు (112) చెప్పడానికి వెనుకాడవద్దు.

ప్రేమను ఏ నీళ్ళూ ఆర్పలేవు కాబట్టి కొట్టే భర్తతో సర్దుకుపోవాలా?

లేదు. వచనంలో నీళ్ళు బయటినుంచి వచ్చే ఆపద, భర్త చెయ్యి కాదు. కొట్టేవాడు ఆమెను గుండె మీద ముద్రగా ఉంచుకోలేదు. ఆమె భద్రమైన చోటికి వెళ్ళడం ఈ వచనానికి విరుద్ధం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. సంఘ పెద్దలు రాజీ మాటల కన్నా ముందు ఆ నంబరు చెప్పాలి.

భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారి దగ్గర ఇది చదవవచ్చా?

చదవవచ్చు. ఎడబాటు తర్వాత కూడా ప్రేమ వదలకుండా ఉండటం బలహీనత కాదని ఇది చెబుతుంది. "ఇంకా ఏడుస్తున్నావా" అని మందలించేవాళ్ళ మధ్య ఆ మాట ఊరటనిస్తుంది. వెంటనే రోమా 8:38–39 కూడా చదవండి. ఓదార్పు కూడికలో వివరణ వద్దు, రెండు భాగాలూ నెమ్మదిగా చదివి ప్రార్థన చేస్తే చాలు.

పెళ్ళి పత్రిక మీద ఏ భాగం వేయాలి?

చోటు ఉంటే రెండు వచనాలూ. ఒక్క వరసకే చోటుంటే "అగాధ సముద్రజలము ప్రేమను ఆర్పజాలదు – పరమగీతము 8:7" బాగుంటుంది. మరణం అనే మాట శుభలేఖ మీద పెద్దవాళ్ళకు ఇబ్బంది కావచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు వచనం సంఖ్య సరిచూసుకోండి. ముద్ర, మరణం 6వ వచనంలో ఉన్నాయి. నీళ్ళు, ఆస్తి 7వ వచనంలో ఉన్నాయి.

కంఠస్థం చేయడానికి సులువైన పద్ధతి ఉందా?

బొమ్మల వరస పట్టుకోండి: మరణం, పాతాళం, అగ్ని, ముద్ర, సముద్రం, నది, ఆస్తి. తెలుగు వచనం ఈ క్రమంలోనే నడుస్తుంది. ఈ ఏడు మాటలు వరసగా వస్తే వాక్యాలు వాటి వెంట వస్తాయి. రోజుకు రెండు బొమ్మల చొప్పున నాలుగు రోజులు చాలు. పిల్లలు ఎక్కువగా తప్పేది "ఆర్పజాలదు", "ముంచివేయజాలవు" దగ్గర. "జలము" ఏకవచనం, "ప్రవాహములు" బహువచనం అని ఒక్కసారి చెబితే కుదురుకుంటుంది.

హెబ్రీ కూడా నేర్చుకోవాలనుకునేవారు ఈ నాలుగు మాటలతో మొదలుపెట్టవచ్చు: "కీ అజ్జా ఖమ్మావెత్ అహవా." మూడో మాటలో "మా" మీద ఊనిక పెట్టి, చివరి "వా"ను నొక్కి పలకాలి.